సున్నా మీద ఆగిన ముల్లు

ఆ రోజు పొద్దున మహేశ్వర్ అనుకున్న పని చాలా చిన్నది. మిల్లులో రెండు గేజీలు విప్పాలి, వాటి చోట కొత్తవి బిగించాలి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావాలి. వాళ్ళమ్మ భూలక్ష్మి పచ్చిపులుసు చేస్తానని మాట ఇచ్చింది కాబట్టి ఆఖరి పని మీద అతనికి ప్రత్యేక శ్రద్ధ ఉంది.

మహేశ్వర్ వనపర్తి శివార్లలో ఒక పల్లీనూనె మిల్లులో యంత్రాల మరమ్మతులు చూస్తాడు. ఆ మిల్లులో అన్నిటికంటే పాతది నూనెకున్న వాసన తీసే ట్యాంకు. దాని చుట్టూ ఆవిరి పట్టించి కాస్తారు, లోపలి గాలిని పంపుతో పీల్చేస్తారు. దానికి రెండు గేజీలు. ఆవిరి ఎంత బలంగా ఒత్తుతోందో చెప్పేది ప్రెషర్ గేజి. లోపలి గాలి ఎంత పోయిందో చెప్పేది వాక్యూమ్ గేజి. గాలి పీల్చేకొద్దీ దాని ముల్లు సున్నా దగ్గర్నుంచి వెనక్కి నడుస్తుంది. ఆ ట్యాంకు వేడెక్కేటప్పుడు మూలుగుతుంది, చల్లారేటప్పుడు దగ్గుతుంది. అందుకని మిల్లులో అందరూ దాన్ని ముసలమ్మ అంటారు. యజమాని కూడా అంతే అంటాడు.

ముందురోజు రాత్రి ఆ ముసలమ్మకు ప్రెషర్ గేజి ముల్లు ఎర్రగీత దాటింది. వాక్యూమ్ గేజి ముల్లు సున్నా మీద ఆగి కదలనంది. తప్పు గేజీలదో, ట్యాంకుదో తేలాలి. మరునాడే తనిఖీకి అధికారి వస్తున్నాడు.

మహేశ్వర్ ఒక కాలికి బూటు వేసుకుని, రెండో కాలు చాచుకుని, మిల్లులో పనిచేసే జోసెఫ్ బృందానికి వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపాడు.

"ముసలమ్మ సంగతి రాత్రి చూసిన. ప్రెషర్ ఎక్కుతనే ఉంది. గాలి పీల్చుడేమో మొత్తానికే బందైంది. ముల్లు సున్నా మీదనే నిలవడ్డది. ఇంక సతాయించుడు వద్దు. పైపులన్ని తీసేసి సల్లబడనీయుండ్రి. సల్లబడ్డంక మంచిగ కడిగి తుడిసి పెట్టుండ్రి. రేపు సారు వచ్చి చూసి సర్టిఫికెట్ రాసిస్తడు. బయట ఎవ్వరికి చెప్పకుండ్రి, ఊకె పరేషాన్ అయితరు."

అతని ఫోనులో మిల్లువాళ్ళ గ్రూపు పేరు 'మన మిల్లు'. బంధువుల గ్రూపు పేరు 'మన ఇల్లు'. రెండూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మాట పోయి ఇంట్లో పడింది. మహేశ్వర్ రెండో బూటు వేసుకుని బండెక్కాడు. మిల్లు లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. తన ఫోను గేటు దగ్గరి సొరుగులో పెట్టి లోపలికి వెళ్ళాడు.

"మెసేజ్ పెట్టిన గద, పైపులు ఇంక ఎందుకు తీయలే?" అని జోసెఫ్‌ను అడిగాడు.

"నాకేం రాలే సార్."

"నీ నెట్టు ఎప్పుడు సక్కగుంటది గనుక!" అని మహేశ్వర్ పానా అందుకున్నాడు.

అదే సమయానికి గద్వాలలో అతని అన్న శేఖర్ ఆ మాటను మొదటిసారి విన్నాడు. రెండోసారి వినడానికి ధైర్యం చాలక, ఫోను తీసుకుని మగ్గం దగ్గరికి వెళ్ళాడు. మగ్గం మీద వాళ్ళ నాయన వీరయ్య ఉన్నాడు.

వీరయ్యకూ భూలక్ష్మికీ కొన్నాళ్ళుగా మాటల్లేవు. వీరయ్య నేసిన చీరకు ఒక పక్క అంచు ఆకుపచ్చగా, రెండో పక్క అంచు నీలంగా వచ్చింది. చీర తీసుకుపోయినవాళ్ళు తిరిగి తెచ్చిచ్చారు. కళ్ళల్లో పొరలు వచ్చాయి, ఆపరేషన్ చేయించుకోమని భూలక్ష్మి నలుగురి ముందూ అంది. "నా ఇంట్ల ఉండి నా కండ్లకే పేరు వెడ్తవా?" అని వీరయ్య అరిచాడు. అయితే నీ ఇంట్లో ఉండనని ఆమె వనపర్తి బస్సెక్కి చిన్నకొడుకు దగ్గరికి వచ్చేసింది. రమ్మని ఆయన అడగలేదు. వస్తానని ఆమె అనలేదు.

"నాయినా, తమ్ముడు ఏందో పెట్టిండు. జర ఇను."

వీరయ్య విన్నాడు. చేతిలో పోగు నడిపే నాడె అలాగే ఉండిపోయింది.

"మళ్ళొకసారి పెట్టు."

శేఖర్ మళ్ళీ పెట్టాడు.

"గాలి పీల్చుడు బందైంది అంటుండు గదరా. ఎవరికిరా?"

"వాళ్ళింట్ల ఉన్న ముసలమ్మ ఎవరు నాయినా? అమ్మనే గద."

"పైపులు తీసెయ్యమంటుండు. నన్నడగకుంట ఎట్ల తీస్తడు?"

శేఖర్ తమ్ముడికి ఫోన్ చేశాడు. ఆ ఫోను సొరుగులో ఒంటరిగా మోగింది. మరదలు రోహిణికి చేశాడు. ఆమె అంగన్‌వాడీ టీచరు, నాగర్‌కర్నూల్‌లో శిక్షణ తరగతిలో ఉంది, ఫోను స్విచాఫ్. చివరికి తల్లి నంబరుకే చేశాడు. రీచార్జి అయిపోయి వారమైన ఆ నంబరుకు ఇకపై కాల్స్ వెళ్ళవని ఒక ఆడగొంతు మర్యాదగా చెప్పింది. ఫోను కంపెనీవాళ్ళకు కూడా తెలిసిపోయిందని శేఖర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

వనపర్తిలో వాళ్ళకు ఇంకో మనిషి ఉన్నాడు. భూలక్ష్మికి వరసకు తమ్ముడు, కృష్ణయ్య. బట్టల దుకాణం నడుపుతాడు. పెళ్ళిళ్ళకు పిలిస్తే వెళ్తాడు, చావులకు పిలవకపోయినా వెళ్తాడు. శేఖర్ ఫోన్ చేసేసరికి దుకాణం తెరుస్తున్న కృష్ణయ్య షట్టరు సగంలోనే వదిలేసి బయల్దేరాడు. పైపులు తీసేది దవాఖానలోనే కనుక నేరుగా పెద్ద దవాఖానకు వెళ్ళాడు. అక్కడ భూలక్ష్మి పేరుతో ఎవరూ లేరన్నారు. అయితే ప్రైవేటు దవాఖానలో వేసి ఉంటాడనుకుని, తన దగ్గర ఖాతా ఉన్న జోసెఫ్‌కు ఫోన్ చేశాడు. మహేశ్వర్‌తో కలిసి పనిచేసే మనిషి, తోడు ఉండే ఉంటాడు.

జోసెఫ్ అప్పుడే టీ తాగడానికి గేటు దగ్గరికి వచ్చాడు.

"జోసెఫ్, మహేశ్వర్ నీ దగ్గర్నే ఉన్నడా?"

"లోపల ఉన్నడు సేట్. ముసలమ్మ కాడ."

కృష్ణయ్య గొంతు సవరించుకున్నాడు. "ఎట్లున్నది బిడ్డా?"

"సల్లబడ్డది సేట్. జరసేపాయె."

"పైపులు?"

"అన్ని తీసేసినం. ఇప్పుడు కడుగుడు నడుస్తుంది. సారే సొంత చేతులతోని తుడుస్తుండు."

కృష్ణయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఈ కాలంలో ఇలాంటి కొడుకులు ఎక్కడున్నారు! "బాగ కష్టపడ్డదా?"

"రాత్రంత ఒక్కటే మూలుగుడు. అందరం అనుకున్నదే సేట్. పాత సామాను గద, ఎన్నొద్దులని గుంజుతది?"

"ఏందిరా, పెద్దమనిషిని పట్టుకుని సామాను అంటవు?"

జోసెఫ్‌కు అర్థం కాలేదు. "సారు గూడ గట్లనే అంటడు సేట్," అన్నాడు.

మహేశ్వర్ మీద కృష్ణయ్యకున్న అభిప్రాయం కొంత తగ్గింది. "ఇంటికెప్పుడు వస్తుండ్రు మరి?"

"మద్యాన్నంకల్ల వస్తడు. ఇంట్ల పచ్చిపులుసు చేస్తుండ్రంట, లేటు చేయొద్దని తొందర వెడ్తుండు."

మిగిలిన అభిప్రాయం కూడా పోయింది. ఇక అన్నీ తానే చూసుకోవాలని కృష్ణయ్యకు తెలిసిపోయింది. శేఖర్‌కు ఫోన్ చేసి, అయిపోయిందన్న ఒక్క మాట చెప్పాడు. బంధువుల గ్రూపులో దండం పెట్టే చేతులు వరుసగా పడసాగాయి. శిక్షణ మధ్యలో చాయ్ తాగడానికి బయటికొచ్చిన రోహిణి ఫోను ఆన్ చేసి, విషయం విని, "అది మిల్లులో ట్యాంకు. అత్తమ్మకు ఏం కాలేదు" అని గ్రూపులో రాసింది. దాని కింద క్షణంలో మరో ఇరవై జతల చేతులూ, నాలుగు దీపాలూ పడ్డాయి. పైకి జరిపి చదివే ఓపిక ఏడ్చేవాళ్ళకు ఉండదు. ఫోన్ చేద్దామంటే భర్త ఫోను ఎత్తడు, బావ ఫోను ఎప్పుడు చూసినా బిజీ. ఆమె నాగర్‌కర్నూల్‌లో బస్సు కోసం పరిగెత్తింది.

ఇక్కడ వనపర్తిలో భూలక్ష్మి అరుగు మీద కూర్చుని చింతపండు పిసుకుతుండగా ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఆగింది. టెంట్ హౌస్ నడిపే మహేందర్ దిగాడు.

"అవ్వా, మహేశ్వర్ సారు ఇల్లు ఇదేనా?"

"ఇదే. ఏంది బిడ్డా, టెంటు తెచ్చినవు?"

"కృష్ణయ్య సేటు పంపిండు. ఎవరో ముసలామె పోయిందంట."

"అయ్యో, ఎవరంట?"

"పేరు తెల్వదవ్వా. పాపం, పొద్దుగాలనే పోయిందంట."

భూలక్ష్మి ఆలోచించింది. ఎదురింటి ఎస్తేరమ్మ నాలుగు రోజులుగా దగ్గుతోంది. నిన్న అరుగు మీద కూడా కూర్చోలేదు. ఆమె ఇంటి ముందు మురుగు మోరీ ఉంది, టెంటు వేయడానికి జాగా లేదు. అందుకే కృష్ణయ్య మన వాకిట్లో వేయమన్నాడు. తమ్ముడి మనసు మంచిదని ఆమెకు ఎప్పట్నుంచో తెలుసు. చేతులు కడుక్కుని వచ్చి, ఎండ పడకుండా టెంటు ఏ వైపుకు వంచాలో చెప్పింది. కుర్చీలు వేయించింది. ఆటోలోంచి ఆఖరికి ఫ్రీజర్ పెట్టె దిగింది.

"దీనికి కరెంటు గావాలె అవ్వా."

"ఆమె ఇంట్ల కరెంటు ఉంటదో ఉండదో. మా ఇంట్లకెళ్ళి తీస్కో," అని భూలక్ష్మి తన కూలర్ వైరు పీకి ఆ ప్లగ్గు చూపించింది. పెట్టె చల్లబడడం మొదలైంది. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఎస్తేరమ్మ చాలా మంచి మనిషి. ఇచ్చిన గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగి పంపలేదు.

అప్పుడే ఎస్తేరమ్మ కూరగాయల సంచితో మూల తిరిగి వచ్చింది.

భూలక్ష్మి లేచి నిలబడింది. "నువ్వు పోలేదా?"

"యాడికి?" అంది ఎస్తేరమ్మ.

కాసేపటికి ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. గల్లీలో ఉన్న పెద్దామెలను ఒక్కొక్కరిని గుర్తు చేసుకున్నారు. ఒకామె నల్లా దగ్గర ఇందాకే కనపడింది. ఇంకొకామె కూతురింటికి పోయింది. ఎవరూ మిగల్లేదు. "తెచ్చేటోళ్ళే చెప్తరు తియ్యక్కా," అంది ఎస్తేరమ్మ. ఇద్దరూ పోయినామె కోసం ఎదురుచూడసాగారు.

గద్వాల నుంచి బంధువులతో నిండిన జీపు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. దారి చూపడానికి కృష్ణయ్య చౌరస్తాలోనే ఎక్కాడు. ఆయన చేతిలో పెద్ద బంతిపూల దండ ఉంది. జీపు పూర్తిగా ఆగకముందే వీరయ్య దిగాడు. బయటి ఎండలోంచి టెంటు నీడలోకి రాగానే ఆయనకు అంతా మసకగా కనిపించింది. ఆ మసకలో తెల్లగా ఉన్నది పెట్టె ఒక్కటే. దాని మీద పడ్డాడు.

"భూలక్ష్మీ, నువ్వన్నది నిజమే. నాకు రెండంచులు ఒక్క తీరుగనే కానొస్తయి. ఆకుపచ్చేదో నీలమేదో నాకు తెల్వదు. నలుగుట్ల ఒప్పుకోనీకె నామోషీ అయింది. గంత మాత్రానికే నన్నిడిసి పోతవా? ఇంట్ల దీపం పెట్టెటోళ్ళు లేరు. మగ్గం కాడ కూసుంటె చెయ్యి కదుల్తలేదు."

శేఖర్ వెనకే టెంటులోకి వచ్చాడు. కుర్చీలో కూర్చున్న తల్లిని చూశాడు. టెంటు గుంజ పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. కృష్ణయ్య కూడా చూశాడు. ఆయనకు దండ ఏం చేయాలో తోచలేదు.

భూలక్ష్మికి సంగతి మొత్తం అర్థం కాకపోయినా కొంత అర్థమైంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎస్తేరమ్మ లేవబోతే మోచేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

వీరయ్య తల తిప్పి, కుర్చీలో ఉన్న ఆకారాన్ని చూసి, రెండు చేతులూ జోడించాడు. "నువ్వు దగ్గరున్నవా చెల్లే? ఆఖర్కి నా పేరేమన్న తీసిందా?"

"తీసింది," అంది భూలక్ష్మి కొంగులోంచి మెల్లగా.

"ఏమన్నది?"

"కండ్లకు ఆపరేషన్ చేయించుకోమన్నది."

వీరయ్య భోరుమన్నాడు. "చేయించుకుంట చెల్లే. ఆమె మీద ఒట్టు."

"ఎప్పుడు?"

"దినాలు అయిపోంగనే."

"అప్పటిదాంక ఎందుకు? సోమవారం డాక్టరు ఉంటడు, సోమవారమే పో."

వీరయ్య ఏడుపు ఆగింది. తన మాటకు గడువు ఇవ్వని గొంతు ఈ లోకంలో ఆయనకు ఒక్కటే తెలుసు. లేచి, రెండడుగులు ముందుకొచ్చి, ముఖంలో ముఖం పెట్టి చూశాడు.

"నువ్వు సావలేదా?"

"నన్నెవరు అడిగిండ్రు?" అంది భూలక్ష్మి. "పెండ్లాన్ని పట్టుకుని చెల్లె అంటివి. ఇంకా కండ్లు మంచిగున్నయంటవా?"

వీరయ్య ముందు ఆమె చేయి పట్టుకున్నాడు. తరవాత నలుగురూ ఉన్నారని గుర్తొచ్చి వదిలేశాడు. తరవాత ఎవరు ఏమనుకుంటే ఏమని మళ్ళీ పట్టుకున్నాడు. శేఖర్ తల్లి ఒళ్ళో తల పెట్టి ఏడ్చాడు. కృష్ణయ్య దండను ఎస్తేరమ్మ చేతికిచ్చి, చేతులు ఖాళీ చేసుకుని ఏడ్చాడు.

"ఇంతకు పోయిందెవరు?" అని ఎస్తేరమ్మ అడిగింది.

సరిగ్గా ఆ సమయానికి మహేశ్వర్ బండి మలుపు తిరిగింది. పని అనుకున్నదానికంటే ముందే అయింది. కొత్త గేజీలు బిగించి, పైపులు పెట్టి మళ్ళీ నడపగానే రెండు ముళ్ళూ ఎక్కడుండాలో అక్కడికి వచ్చాయి. ట్యాంకుకు ఏమీ కాలేదు, పాత గేజీలే అబద్ధం చెప్పాయి. ఆ సంతోషంలో చెడిపోయిన వాక్యూమ్ గేజిని జేబులో వేసుకుని, సొరుగులోని ఫోను చూడకుండానే ఇంకో జేబులో పడేసుకుని వచ్చాడు. ఇంటి ముందు టెంటు. టెంటులో పెట్టె. చుట్టూ గద్వాల బంధువులందరూ ఏడుస్తున్నారు. పచ్చిపులుసు చేస్తానన్న మనిషి ఆ గుంపు మధ్య కనిపించలేదు.

బండి పడిపోయింది. మహేశ్వర్ దాన్ని దాటుకుని, "అమ్మా!" అని అరుస్తూ పోయి పెట్టె మీద పడ్డాడు.

"లే బిడ్డా, ఈడున్న," అంది భూలక్ష్మి వెనకనుంచి. "మీ నాయిన ఇప్పుడే లేసిండు దాని మీదికెళ్ళి."

మహేశ్వర్ తల్లిని ఎగాదిగా చూసి, పెట్టె లోపల ఎవరున్నారో వంగి చూశాడు. ఎవరూ లేరు.

"నువ్వే పెట్టినవు గదరా!" అని శేఖర్ అరిచాడు. అరిచి ఊరుకోక ఫోను తీసి ఆ మాటను గట్టిగా వినిపించాడు. గల్లీ మొత్తం వింది. తన గొంతు తనకే అంత భయంకరంగా ఎప్పుడూ వినిపించలేదు మహేశ్వర్‌కు. గబగబా జేబులోంచి గేజి తీశాడు.

"ముసలమ్మ అంటె మా ట్యాంకు అన్నా! ఇగో, దీని ముల్లు సున్నా కాడ ఆగిపోయింది. గంతే. ముసలమ్మకు ఏం కాలే."

గేజి చేతులు మారింది. కృష్ణయ్య పొద్దున జోసెఫ్ చెప్పిందంతా ఏకరువు పెట్టి, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. వీరయ్య కంటికి ఆనించుకుని అటూ ఇటూ తిప్పి, "సున్నా యాడున్నదిరా ఇండ్ల?" అని అడిగాడు. అందరూ భూలక్ష్మి వైపు చూశారు.

కొడుకు మీద ఆమెకు వచ్చిన కోపం ఇంకోటి. "నేను సచ్చిననుకోని ఇంతమంది వచ్చిండ్రు, మంచిదే. కానీ ట్యాంకును సొంత చేతులతోని తుడుస్తున్నవంట. వచ్చిన కాంచి నా కూలర్ల నీళ్ళు వొయ్యమంటె ఒక్కనాడు వోసినవా?"

మహేశ్వర్ బిందె తీసుకున్నాడు.

బంధువులు ఆకలి మీద ఉన్నారు. చావింటికని ఎవరూ ఏమీ తినకుండా బయల్దేరారు. భూలక్ష్మి, ఎస్తేరమ్మ కలిసి అందరికీ అన్నం వండారు. మనిషి వచ్చినప్పుడల్లా పచ్చిపులుసులో చెంబెడు నీళ్ళు కలిపారు. బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చిన రోహిణి వంతుకు అది దాదాపు నీళ్ళే. ఫ్రీజర్ పెట్టె తీసుకుపోవడానికి మహేందర్ సాయంత్రం వచ్చాడు. అందులో మజ్జిగ గిన్నెలు ఉన్నాయి. అవి ఖాళీ అయ్యేదాకా అతనూ ఒక గ్లాసు తాగుతూ కూర్చున్నాడు.

వీరయ్య ఆ రాత్రి గద్వాలకు వెళ్ళలేదు. ఇంతమంది ముందు ఒట్టేసిన మనిషి మధ్యలో మాట మారుస్తాడని భూలక్ష్మికి అనుమానం. సోమవారం పొద్దున ఆమే చేయి పట్టుకుని దవాఖానకు నడిపించుకుపోయింది. కుడికన్ను ముందు చేస్తామనీ, ఎడమది నెల తరవాత చేద్దామనీ డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ బల్ల ఎక్కేముందు వీరయ్య రెండుసార్లు పారిపోవాలని చూశాడు. రెండుసార్లూ శేఖర్ ద్వారం దగ్గరే ఉన్నాడు.

కట్టు విప్పిన రోజు కుటుంబమంతా చుట్టూ నిలబడింది. వీరయ్య కన్ను చిట్లించాడు, తెరిచాడు, కిటికీకి కట్టిన తెర చూశాడు. "ఆకుపచ్చ," అన్నాడు. నర్సు చేతిలోని డబ్బా చూశాడు. "నీలం." భూలక్ష్మి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన ఆమె వైపు తిరిగి, చాలాసేపు, తనివితీరా చూశాడు.

"నీ మొఖం మీద గిన్ని ముడతలు ఎప్పుడొచ్చినయే?" అన్నాడు.

ఎడమ కంటికి అంత తొందరేమీ లేదని భూలక్ష్మి డాక్టరుకు చెప్పింది.